సంఘంలో గుట్టుగా ఒప్పుకొనే చోటు ఉండాలి

సంపాదకులు గారికి నమస్కారం.

వేసవి సెలవుల్లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అనేక క్రైస్తవ సంఘాలు యౌవనస్తుల కూడికలు జరుపుతాయి. ఫోనులో అశ్లీల చిత్రాలు చూసే అలవాటు గురించి వక్తలు ఇప్పుడు అక్కడ బాహాటంగానే హెచ్చరిస్తున్నారు. వెనుకటి మౌనంతో పోలిస్తే అది మేలే. హెచ్చరిక ముగిశాక కొన్నిచోట్ల జరిగేది మాత్రం నన్ను చాలాకాలంగా కలచివేస్తోంది. ఈ పాపంలో ఉన్నవారు చెయ్యెత్తి ముందుకు రావాలని పిలుపు వస్తుంది. అందరికీ అందరూ తెలిసిన ఊళ్లో, కన్నవారు వెనుక వరసలో కూర్చుని ఉండగా, పదిహేడేళ్ల పిల్లవాడు లేచి ఎలా వస్తాడు? వచ్చినవాడి సంగతి సాయంత్రానికి వీధి చివరిదాకా పాకుతుంది. రానివాడు లోకంలో తనంత హీనుడు లేడని తీర్మానించుకుని, ప్రభువు బల్ల దగ్గరకు, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకొనే సంస్కారానికి, రావడానికి కూడా భయపడతాడు. ఆ కుంగుబాటును కాసేపు మరిచిపోవడానికి ఒంటరి గదిలో అతని చేతికి అందేది మళ్లీ ఆ ఫోనే.

సంఘ పెద్దగా నేను కోరేది ఒక్కటే. లైంగిక విషయాల్లో నలిగిపోతున్న విశ్వాసి తన మాట బయటికి పొక్కదన్న నమ్మకంతో ఒక మనిషి ఎదుట కూర్చుని చెప్పుకొనే ఏర్పాటు ప్రతి సంఘంలోనూ జరగాలి.

ఇది కొత్త బోధ అని ఎవరైనా అంటే, మన చరిత్ర వారికి గుర్తు చేయాలి. గుంటూరులో 1842లో మొదలైన లూథరన్ సేవకు ఆధారమైన ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన 1530 నాటిది. అందులోని పదకొండో అంశం, వ్యక్తిగతంగా పాపక్షమాపణ ప్రకటించే పద్ధతిని సంఘాల్లో నిలుపుకోవాలనీ, చేసిన పాపాలన్నిటినీ ఏకరువు పెట్టనవసరం లేదనీ స్పష్టంగా చెబుతోంది. ఆదివారం అందరం కలిసి చదివే ఒప్పుకోలు ప్రార్థనే చాలనుకుని, వ్యక్తిగతంగా క్షమాపణ పొందే ఈ పద్ధతిని మనం దాదాపు మరిచిపోయాం. కతోలిక సోదరులకు గురువు (ఫాదర్) ఎదుట ఏకాంతంగా పాపాలు ఒప్పుకొనే పాపసంకీర్తనం ఉంది; అక్కడ విన్నది వెల్లడించే గురువుకు కఠిన శిక్ష తప్పదని 1215లో వారి నాలుగో లాటరన్ మహాసభ శాసించింది, ఆ కట్టుబాటు నేటికీ సడలలేదు. మత్తయి సువార్త పద్దెనిమిదో అధ్యాయంలో యేసు ప్రభువు సహోదరుని తప్పును ముందుగా ఒంటరిగా ఉన్నప్పుడే తెలియజేయమన్నాడు. మొదటి మెట్టు దాటేసి నేరుగా మైకు దగ్గరకు పిలిచే అధికారం మనకు ఎవరిచ్చారు?

వైద్యశాస్త్రం చెబుతున్నదాన్ని కూడా బోధకులు శ్రద్ధగా వినాలి. 2019లో ఆమోదం పొంది 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పులో, లైంగిక ప్రవర్తనను అదుపు చేసుకోలేని స్థితికి ఒక రుగ్మతగా చోటు దక్కింది. దాన్ని మద్యం, జూదం వంటి వ్యసనాల వరుసలో కాక, తమ ప్రేరణలను నిగ్రహించుకోలేని రుగ్మతల వరుసలో ఉంచారు. రుగ్మతగా నిర్ధారించాలంటే ఆరు నెలలు లేదా అంతకు మించి ఆ ధోరణి సాగి, మనిషికి తీవ్రమైన క్లేశం కలిగించాలి, లేదా చదువు, పని, కుటుంబం వంటివి దెబ్బతినాలి. చేస్తున్నది తప్పన్న నైతిక భావన వల్ల మాత్రమే కలిగే బాధ రోగనిర్ధారణకు చాలదని కూడా అందులో రాశారు. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త జాషువా గ్రబ్స్, ఆయన సహచరులు 2015లో ప్రచురించిన పరిశోధనలోనూ, ఈ చిత్రాలు చూడటం తప్పని గట్టిగా నమ్మే మతవిశ్వాసులు తమను తాము బానిసలుగా భావించుకొనే అవకాశం ఎక్కువని తేలింది. ఆ అలవాటు పాపం కాదని నేను అనడం లేదు. తెర మీది మనిషిని వస్తువుగా చూడటం దేవుని స్వరూపంలో పుట్టినవారిని అవమానించడమేనని నేను నమ్ముతున్నాను. కానీ అప్పుడప్పుడు జారిపడి ఏడ్చే పిల్లవాడిది ఒక స్థితి, చదువూ ఉద్యోగమూ పాడై కూడా ఆగలేకపోతున్నవాడిది వేరొక స్థితి. మొదటివాడికి క్షమాపణ వాక్కు, ఒక స్నేహితుడు కావాలి. రెండోవాడికి వాటితోపాటు మానసిక వైద్యుడు కూడా కావాలి. ఇద్దరికీ దురాత్మ పట్టిందని ఒకే ప్రార్థన చేసి పంపడం అన్యాయం.

మన ప్రాంతంలో ఈ సిగ్గుకు ఇంకో భయం తోడవుతుంది. వీర్యం పోతే ఒంట్లో బలం పోతుందనే అపోహ మన ఇళ్లలో తరతరాలుగా ఉంది. ఆ భయంతో వచ్చే నీరసాన్ని, దిగులును మన దేశపు మానసిక వైద్యుడు నరేంద్రనాథ్ విగ్ 1960లోనే ‘ధాతు’ పేరుతో వర్ణించారు. బస్టాండ్ల గోడల మీద, రైలు పట్టాల పక్కన సెక్స్ సమస్యలకు మందులిస్తామనే ప్రకటనలు బతుకుతున్నది ఈ భయం మీదే. ఒకవైపు నరకం, మరోవైపు నపుంసకత్వం అని వణికే కుర్రవాడికి, హస్తప్రయోగం వల్ల శరీరం క్షీణించదన్న చిన్న వాస్తవాన్ని చెప్పే పెద్దమనిషి సంఘంలో ఒక్కడైనా ఉంటే, అతని డబ్బూ ఆరోగ్యమూ నకిలీ వైద్యుల పాలు కాకుండా మిగిలేవి. స్వలింగ ఆకర్షణ ఉన్న పిల్లలను ఈ వ్యసనాల గంపలో వేయడం కూడా మానాలి. వివాహం గురించి సంఘాల బోధ ఏదైనా, ఆ ఆకర్షణను మారుస్తామంటూ చేసే చికిత్సను జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది.

గోప్యతకు ఒక హద్దు ఉంది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలియజేయడం 2012 నాటి పోక్సో చట్టం పందొమ్మిదో సెక్షన్ ప్రకారం తప్పనిసరి. సంఘం పరువు పోతుందని అలాంటిదాన్ని ప్రార్థనతో సర్దేయడం బాధితులకు చేసే రెండో ద్రోహం. ఈ హద్దును సలహా ఇచ్చేవారు మొదటి రోజే చెప్పేయాలి.

ఏర్పాటుకు పెద్ద ఖర్చేమీ కాదు. సంఘానికి ఒక పురుషుడిని, ఒక స్త్రీని ఎంపిక చేసి, మానసిక వైద్యులతో శిక్షణ ఇప్పించి, విన్నది దాచుతామని రాతపూర్వకంగా మాట తీసుకోవాలి. వారు పాస్టరుగారి బంధువులు కాకపోతే మంచిది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ అయిన టెలీ మానస్ నంబరు 14416ను ఆరాధన మందిరం నోటీసు బోర్డు మీద రాయించాలి. ఆ ఉచిత సేవలో తెలుగులోనే మాట్లాడవచ్చు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014 నుంచి ఫోను, ఇంటర్నెట్ అతివాడకానికి ప్రత్యేక క్లినిక్ నడుస్తున్న సంగతి సంఘ కాపరులకు తెలిసి ఉండాలి.

స్త్రీని ఎందుకు కోరుతున్నానంటే, ఈ అలవాటు ఆడపిల్లల్లోనూ ఉంది. పైగా మన కూడికల్లో దీన్ని మగపిల్లల పాపంగానే మాట్లాడటం వల్ల వారి సిగ్గు రెండింతలవుతోంది. భర్త అలవాటు బయటపడ్డాక, తనలోనే ఏదో లోపముందని కుమిలిపోయే భార్యలూ ఉన్నారు. ఓర్చుకుని ప్రార్థించమ్మా అనే సలహా వారికి ఇప్పటికే కావలసినంత అందింది. వచ్చే వేసవి కూడికలకు ముందే సినడ్లు, డయాసిస్‌లు వంటి సంఘ పాలక మండలులు, స్వతంత్ర సంఘాల పెద్దలు ఈ ఇద్దరి నియామకాన్ని తమ సమావేశాల్లో చర్చకు పెట్టాలని మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

భవదీయుడు,
ఒక లూథరన్ సంఘ పెద్ద,
గుంటూరు జిల్లా