తమ్ముడికి: ప్రవక్తల లెక్క, ఫర్జ్ వాజిబ్‌ల తేడా

ప్రియమైన తమ్ముడికి,

అస్సలాము అలైకుమ్. నీ ఉత్తరం అందింది. నీ దగ్గర చదువుకునే పిల్లలు అడిగిన ప్రశ్నలన్నీ రాసి పంపావు, చాలా సంతోషమేసింది. జవాబు తెలియక టెన్షన్ పడ్డానన్నావు. అయినా నోటికొచ్చింది చెప్పకుండా "కనుక్కుని చెబుతా" అన్నావే, అది నాకు బాగా నచ్చింది.

ముందు ప్రవక్తల లెక్క. ఖుర్ఆన్‌లో పేరుతో సహా వచ్చేవాళ్లు 25 మంది, ఆదం నుంచి ముహమ్మద్ (స) వరకు. అందరికంటే ఎక్కువగా వినిపించే పేరు మూసాది, వందసార్లకు పైనే. ముహమ్మద్ అన్న పేరు మాత్రం నాలుగుసార్లే వస్తుంది. ఈ మాట పిల్లలకు చెప్పి చూడు, ఎంత ఆశ్చర్యపోతారో! మనం చిన్నప్పుడు బట్టీపట్టిన 1,24,000 ఖుర్ఆన్‌లోని అంకె కాదురా. అది ఒక హదీసులో, అంటే ప్రవక్త మాటల ఉల్లేఖనంలో వస్తుంది, దాని ఉల్లేఖకుల పరంపర బలహీనమని చాలామంది పండితులు అన్నారు. ఖుర్ఆన్ అయితే 40వ సూరా (అధ్యాయం)లో, కొందరు ప్రవక్తల గాథలు నీకు చెప్పాం, కొందరివి చెప్పలేదు అని అక్కడితో ఆపుతుంది. అందుకని 25 అని గట్టిగా చెప్పు. పెద్ద అంకె అడిగితే "అలా ఒక ఉల్లేఖనం ఉంది" అను, చాలు.

నబీకీ (ప్రవక్తకీ) రసూల్‌కీ (సందేశహరుడికీ) తేడా అడిగారు కదా. ప్రతి రసూలూ నబీయే, ప్రతి నబీ రసూల్ కాదు. కొత్త షరియత్ (ధర్మశాస్త్రం)తో వచ్చినవారు రసూల్ అని, అంతకుముందున్న షరియత్ మీదే జనాన్ని నడిపించినవారు నబీ అని ఎక్కువగా చెప్పే వివరణ. లుఖ్మాన్ పేరున ఒక సూరా ఉన్నా, ఆయన ప్రవక్త కాదు, వివేకవంతుడు అన్నదే అత్యధికుల మాట.

ఇక ఫర్జ్, వాజిబ్, అంటే తప్పక చెయ్యాల్సిన పనులకున్న రెండు పేర్లు. ఇది నాకు ఇక్కడికొచ్చాకే అర్థమైంది. మొదటి వారంలో ఒకరోజు ఫజ్ర్ (తెల్లవారుజాము) నమాజ్‌లో, రెండో రకాతు (ఆవృత్తి)లో రుకూ నుంచి, అంటే నడుం వంచిన స్థితి నుంచి లేచాక నేను అలవాటుగా సజ్దాకు (సాష్టాంగానికి) వంగబోయాను. ముందు వరుసలో ఒక్కరూ కదల్లేదు. ఇమామ్ చేతులెత్తి దుఆ (వేడుకోలు) చదువుతున్నారు, వెనకాల అందరూ "ఆమీన్" అంటున్నారు. సగం వంగినవాణ్ని మళ్లీ నిటారుగా నిలబడ్డాను, గుండె దడదడలాడింది. నమాజ్ అయ్యాక పక్కనున్న పెద్దాయన భుజం మీద చెయ్యేసి చెప్పారు: ఆ దుఆ పేరు ఖునూత్, షాఫయీ మస్లక్‌లో (ధర్మశాస్త్ర సంప్రదాయంలో) ఫజ్ర్‌లో అది సున్నత్, అంటే ప్రవక్త ఆచారంగా చేసేది. మన హనఫీలం, అంటే ఇమామ్ అబూ హనీఫా మస్లక్ వాళ్లం, దాన్ని విత్ర్‌లో (ఇషా తర్వాత చేసే రాత్రి నమాజ్‌లో) చదువుతాం.

ఆ విత్ర్‌తోనే పిల్లలకు తేడా చెప్పొచ్చు. ఇమామ్ అబూ హనీఫా దాన్ని వాజిబ్ అన్నారు. మిగతా మూడు మస్లక్‌ల ఇమాములు మాలిక్, షాఫయీ, అహ్మద్ బిన్ హంబల్ గట్టి సున్నత్ అన్నారు. మిగతా ముగ్గురి దగ్గర ఫర్జ్, వాజిబ్ దాదాపు ఒకటే. హనఫీలు మాత్రం ఆధారం ఎంత గట్టిదో తూచి విడదీస్తారు. తిరుగులేని ఆధారం ఉంటే ఫర్జ్. ఆధారం ఉంది కానీ అంత ఖండితం కాదు అంటే వాజిబ్, అదీ వదిలితే పాపమే. చూశావా, 25కీ 1,24,000కీ మధ్య మనం చూసిన తేడా లాంటిదే ఇది.

ఫర్జ్‌లోనూ రెండు రకాలు. ఐదు పూటల నమాజ్ ఎవరిది వాళ్లే చెయ్యాలి. జనాజా (చనిపోయినవారి కోసం చేసే) నమాజ్ కొందరు చేస్తే అందరి బాధ్యతా తీరుతుంది, ఎవరూ చెయ్యకపోతే అందరికీ పాపం. ముబాహ్ అంటే చేసినా మానినా ఒకటే. మక్రూహ్ అంటే షరియత్ ఇష్టపడని పని, దాన్ని తిన్నగా హరామ్ (నిషిద్ధం) అనేసి పిల్లల్ని భయపెట్టకు.

మూసా గాథలో వచ్చే జ్ఞాని ఖిజ్ర్ ప్రవక్తా కాదా అని అడిగిన పాపకు, పండితుల్లో రెండు మాటలూ ఉన్నాయని చెప్పు. ఆ పాప ఇంకేం అడిగిందో తప్పకుండా రాయి.

అమ్మీకి, అబ్బాకు నా సలాం.

మీ అన్న