తొట్టిలో పగడపు ముక్కను ఎక్కడ నాటాలి?

సంపాదకులు గారికి,

నమస్కారం.

ఇంటి అక్వేరియంల గురించి గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసంలో, సముద్రపు నీటి తొట్టిలో పెంచే పగడపు ముక్కలను లైటుకు ఎంత దగ్గరగా పెడితే అంత త్వరగా ఎదుగుతాయని ఒక సలహా కనిపించింది. మిగతా వ్యాసం చక్కగానే ఉంది. అయితే ఈ ఒక్క మాటను నమ్మి, వరంగల్, కరీంనగర్‌లలో కొత్తగా ఇలాంటి తొట్టెలు పెట్టుకుంటున్నవాళ్లు డబ్బు పోసి తెచ్చుకున్న ముక్కలను చేజేతులా పాడుచేసుకుంటారేమోనన్న భయంతో ఈ ఉత్తరం రాస్తున్నాను. సముద్రానికి సుమారు 250 కిలోమీటర్ల దూరంలో, హనుమకొండలోని మా ఇంటి ముందు గదిలో, ఉప్పు కలిపిన 300 లీటర్ల నీటితో తొమ్మిదేళ్లుగా ఒక తొట్టిని నడుపుతున్నాను. మీ వ్యాసకర్త చెప్పిన పొరపాటును మొదటి ఏడాదే చేసినవాణ్ణి కూడా.

పగడం మొక్క కాదు, జంతువు. దాని కణజాలంలో ఏకకణ శైవలాలు, అంటే నాచు జాతికి చెందిన సూక్ష్మజీవులు, కాపురముంటాయి; అవి వెలుతురుతో తయారుచేసుకునే ఆహారంలో అధిక భాగం పగడానికి అందుతుంది కనుక వెలుతురు అవసరమన్న మాటలో అబద్ధం లేదు. (మనవాళ్లు కుజదోషానికి ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పగడం వేరే జాతి, లోతు నీళ్లలో, మసక వెలుతురులో పెరుగుతుంది, అందులో ఈ శైవలాలు ఉండవు. మా తొట్టి చూడవచ్చినవాళ్లలో సగం మంది ముందుగా అడిగేది ఉంగరం గురించే.) అయితే ఆ శైవలాలు తాము అలవాటుపడిన వెలుతురుకు తగ్గట్టు సర్దుకుని ఉంటాయి. దుకాణం తొట్టిలో మసక వెలుతురులో నెలల తరబడి ఉన్న ముక్కను తెచ్చి ఒక్కసారిగా ఎల్‌ఈడీ కిందికి చేరిస్తే అవి తట్టుకోలేవు, పగడం వాటిని బయటికి వెళ్లగొడుతుంది. అలా తెల్లబడిపోయిన ముక్క ఆ క్షణానికి చచ్చినట్టు కాకపోయినా, ఆకలితో ఉన్నట్టే.

నేను మొదట తెచ్చినవి జోయాంథిడ్లు, అంటే చిన్న చిన్న గుండీల్లాంటి పాలిప్‌లు (ఒక్కో పాలిప్ ఒక్కో పగడపు జీవి) గుంపుగా పెరిగే మెత్తటి జాతి. ఒకే తల్లి గుంపు నుంచి కోసిన రెండు ముక్కల్లో ఒకదాన్ని రాతి గుట్ట కొసన, రెండోదాన్ని ఇసుకకు జానెడు ఎత్తున పెట్టాను. పైన పెట్టింది నాలుగో రోజుకల్లా ముడుచుకుని, రెండు వారాల్లో రంగు పోయి, చివరికి నాచు పట్టింది. కిందిది మూడో నెలకు పక్క రాయి మీదికి పాకింది. దాంతో కింద పెట్టడమే సూత్రమని పొంగిపోయి, మరుసటిసారి తెచ్చిన ముక్కను రాతి నీడలోకి తోశాను. దాని పాలిప్‌లు వెలుతురు కోసం కాడలు సాగదీసి, కిటికీ వైపు వంగిన మొక్కల్లా తయారయ్యాయి. అప్పటికి గాని నాకు అర్థం కాలేదు, ఎత్తు, లోతు అనే లెక్కకన్నా ముక్క తనంతట తాను చూపించే గుర్తులను చదవడమే ముఖ్యమని. కాడలు సాగితే వెలుతురు చాలలేదని, పాలిప్‌లు రాయికి అతుక్కున్నట్టు బిగుసుకుని రంగు పాలిపోతే ఎక్కువైందని, రంగు ముదిరి గోధుమ వర్ణానికి తిరిగితే మళ్లీ తక్కువైందని సాధారణంగా అనుకోవచ్చు. వెలుతురును కొలిచే పార్ మీటరు ఉన్నవాళ్లకు 50 నుంచి 150 మధ్య అంకె ఈ మెత్తటి జాతులలో చాలావాటికి సరిపోతుంది. ఆ మీటరు ఖరీదైనది గనుక లేనివాళ్లు అడుగు భాగాన మొదలుపెట్టి, రెండు మూడు వారాల మీద కొద్దికొద్దిగా పైకి తేవడం మేలు.

వెలుతురు సంగతి ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. నీటి కదలిక గురించి మాత్రం మీ వ్యాసంలో ఒక్క ముక్కా లేదు, నా అనుభవంలో ఎక్కువ పగడాలు చెడిపోయేది అక్కడే. పగడం కదలలేదు; ప్రాణవాయువు, ఆహారపు రేణువులు దాని దగ్గరికి రావాలన్నా, అది విడిచే జిగురు, వ్యర్థాలు దాన్ని వదిలి పోవాలన్నా నీరే కదలాలి. తోలులా మందంగా ఉండే లెదర్ పగడం అప్పుడప్పుడూ వారం రోజుల దాకా ముడుచుకుని, ఒంటి మీద మైనంలాంటి పొర కట్టి, ఆ పొరను విడిచి మళ్లీ విచ్చుకుంటుంది. కదలిక లేని మూల పెడితే ఆ పొర ఊడక, దాని కిందే కుళ్లు మొదలవుతుంది. యజమాని మాత్రం నీళ్లలో ఏదో లోపమని సీసాల మందులు కొని పోస్తుంటాడు. అలాగని పంపు మూతికి ఎదురుగా పెడితే ఒకే దిక్కున ఎడతెగక కొట్టే ధారకు కణజాలం రాతి నుంచి లేచిపోతుంది. గోడకు తగిలి చెదిరి, ఒకసారి ఇటు, ఒకసారి అటు ఊపే నీరు కావాలి. ఇది తెలుసుకోవడానికి పరికరమేమీ అక్కర్లేదు. చేపల మేతను పొడిచేసి పంపు ముందు చిటికెడు వదిలి, ఆ పొడి ఎటు పోతున్నదో, ఎక్కడ దిగుతున్నదో అయిదు నిమిషాలు చూస్తే చాలు. పొడి పోగుపడే చోట రేపు చెత్త కూడా పోగుపడుతుంది, అక్కడ ముక్క పెట్టకూడదు.

ఇదే కారణాన ముక్కను నేరుగా పళ్లెంలా పరచకుండా కాస్త ఏటవాలుగా అతికిస్తే, మీద పడిన చెత్త జారిపోతుంది. అతికించడానికి జెల్ రకం సూపర్ గ్లూ చాలు. పుట్టగొడుగు ఆకారపు మష్రూమ్ పగడానికి మాత్రం జిగురు పనిచేయదు, దాన్ని రాళ్ల పలుకులున్న చిన్న గిన్నెలో వేసి, పైన దోమతెర గుడ్డ కట్టి, నీటి ఊపు తక్కువున్న చోట వదిలేస్తే వారం పది రోజుల్లో తనే ఒక పలుకును పట్టుకుంటుంది.

నాకున్న అసలు జబ్బు వేరే. పెట్టిన ముక్క రెండు రోజులు విచ్చుకోకపోతే తీసి ఇంకోచోట పెట్టేవాణ్ణి, అక్కడా నచ్చక మరోచోటికి మార్చేవాణ్ణి. నర్సంపేట దగ్గర మిరప వేసే మా తమ్ముడు ఒకసారి ఇది చూసి, "నాటిన నారును దినాం పీకి సూస్తే అది ఏర్లు ఎప్పుడు వెడ్తదే అన్నా?" అన్నాడు. నలభై ఏళ్లు జంతుశాస్త్రం చదివీ, చెప్పీ గ్రహించని సంగతి అది. మార్చిన ప్రతిసారీ వెలుతురుకు, ఊపుకు అది మళ్లీ మొదటి నుంచి అలవాటుపడాలి. రంగు వెలవెలబోతే తప్ప, పెట్టిన చోట మూడు వారాలు చేయి పెట్టకూడదని అప్పటినుంచి నియమం పెట్టుకున్నాను.

ఇరుగుపొరుగు విషయంలోనూ పగడాలు మంచివి కావు. లెదర్ జాతులు నీటిలోకి వదిలే రసాయనాలు పక్కవాటి ఎదుగుదలను ఆపగలవు. అందుకే ముక్కకూ ముక్కకూ నడుమ కనీసం జానెడు ఖాళీ ఉంచి, ఫిల్టర్‌లో ఆ రసాయనాలను పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్ (బొగ్గు) వాడుతుంటాను. ఇవాళ రూపాయి బిళ్లంత ఉన్నది రెండేళ్లకు భోజనం పళ్లెమంత అవుతుందన్న సంగతి నాటేటప్పుడే గుర్తుంచుకోవాలి.

మన ప్రాంతపు ఎండాకాలం గురించి కూడా వ్యాసంలో రాయవలసింది. తొట్టి నీరు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెలలో బయట 44 డిగ్రీలున్నప్పుడు ఆ లెక్క ఎటూ తప్పుతుంది. వేడికి తోడు తీవ్రమైన వెలుతురు కూడా తగిలితే తెల్లబడే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి ఆ ఎండల రోజుల్లో నేను లైటు తీవ్రత తగ్గిస్తాను, నీటి మీదికి ఫ్యాను తిప్పుతాను, ఆవిరైన మేరకు ఉప్పు కలపని ఆర్వో నీటినే పోస్తాను. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద నడవవలసింది పంపే, లైటు కాదు. పగడం ఒక రోజు చీకటిని ఓర్చుకుంటుంది గాని, నిలిచిపోయిన నీటిలో కొన్ని గంటలు కూడా కష్టమే.

నేను మెత్తటి జాతుల గురించే రాయడానికి కారణముంది. దిబ్బలు కట్టే రాతి పగడాలన్నిటినీ, నల్ల పగడాలు, నిప్పు పగడాలు, ఆర్గాన్ పైప్ పగడం, సముద్రపు విసనకర్రలనే (సీ ఫ్యాన్) పగడాలతో సహా 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో చేర్చారు. ఆ షెడ్యూలులోని జీవుల విషయంలో నేరానికి 3 నుంచి 7 ఏళ్ల జైలుశిక్ష ఉంది. మన్నార్ సింధుశాఖ నుంచో, అండమాన్ నుంచో కొమ్మ విరిచి తెచ్చి అమ్మేవాళ్లు చవకగా ఇస్తున్నారని కొనకూడదు. మీ వ్యాసంతో వేసిన పెద్ద ఫొటోలో ఉన్నది అలాంటి రాతి పగడమే కావడం వల్ల పాఠకులు ఇంట్లో అదే పెంచవచ్చని అనుకునే అవకాశముంది.

ఇంకొక సంగతి ప్రాణాల మీదికి వచ్చేది. జోయాంథిడ్లలో కొన్నింటిలో, ముఖ్యంగా పాలిథోవా జాతుల్లో, పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. వాటిని కోసేటప్పుడు చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి; అవి పట్టిన రాయిని వేడినీళ్లతో కడగడం, ఉడకబెట్టడం ఎన్నడూ చేయరాదు, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన ఉదంతాలు విదేశాల్లో ఉన్నాయి. లైటుకు దగ్గరగా పెట్టమన్న సలహాను వచ్చే ఆదివారం సవరించేటప్పుడు, చోటు చాలకపోతే నీటి కదలిక గురించి నేను రాసినదంతా తీసేసినా ఫరవాలేదు గాని, చట్టం సంగతినీ, ఈ విషం సంగతినీ మాత్రం తప్పక వేయగలరని మనవి.

భవదీయుడు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ