అంగిలి చూడని పరీక్షలు: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. అడ్డపొగ గురించి, అంటే చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు గురించి, మేం ఇదివరకే అర్జీలు పెట్టుకున్నాం. రసీదులు చేతికొచ్చాయి, జవాబు రాలేదు. ఒకదానికి మాత్రం ‘తగు చర్య నిమిత్తం పంపడమైనది’ అని వచ్చింది. ఎవరికి పంపారో, ఏ చర్యో అందులో లేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాం.

పొగాకు మీద జరుగుతున్న పనంతా ప్యాకెట్టు చుట్టూ, బహిరంగ స్థలాల చుట్టూ తిరుగుతోంది. ప్యాకెట్టు మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ 2016 నుంచి ఉంది. 2018 నుంచి మానాలనుకునేవారికి సాయం చేసే 1800-11-2356 అనే ఫోను నంబరు కూడా వేస్తున్నారు. బస్సులోనో ఆఫీసులోనో కాలిస్తే 200 రూపాయల వరకు జరిమానా. ఇవన్నీ కావలసినవే. కానీ మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గార, కవిటి, పూసపాటిరేగ వైపు తీరపల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్లు కాల్చే చుట్టకు ప్యాకెట్టే లేదు. సంతలో ఆకు కొంటారు, ఈనె తీస్తారు, కాస్త తడి చేసి చేత్తోనే చుట్టుకుంటారు. బొమ్మ ఎక్కడ వేస్తారు? నంబరు ఎక్కడ వేస్తారు? కాల్చేది ఇంట్లో గనుక 2003 నాటి పొగాకు చట్టమూ గడప దగ్గరే ఆగిపోతుంది.

ఆ చుట్టను నిప్పు కొస లోపలికి పెట్టుకుని పీలుస్తారని మీకు తెలియనిది కాదు. గాలికి ఆరిపోదనీ, నుసి చంటిబిడ్డ మీద పడదనీ, రెండు చేతులా పని చేసుకోవచ్చనీ అంటారు. ఆ సదుపాయానికి మూల్యం అంగిలి చెల్లిస్తోంది. అక్కడి పొర పలచన, దాని వెనకే ఎముక. నిప్పు సెగ, పొగ, బూడిద మూడూ రోజూ అక్కడే తగులుతాయి. ముందు పొర తెల్లబడుతుంది. తర్వాత నడుమ ఎర్రటి చుక్కతో చిన్న చిన్న బుడిపెలు లేస్తాయి. కొందరికి రంగు పోయి పాలిపోయిన మచ్చలు కనిపిస్తాయి. క్యాన్సర్ భయం తెలుపు కన్నా ఎరుపుకే ఎక్కువ. ఎర్రటి మచ్చ, రెండు వారాలైనా మానని పుండు కనిపిస్తే అక్కడి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు (బయాప్సీకి) పంపాల్సిందే. నొప్పి లేదు కదా అని వదిలేయడానికి లేదు, మొదట్లో నొప్పి ఉండదు.

ఇదంతా ప్రభుత్వానికి కొత్త సంగతి కాదు. 1960లలోనే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ పరిశోధకులు శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్లు చూశారు. 1971లో అచ్చయిన ఆ అధ్యయనం అంగిలి మార్పులకూ అడ్డపొగకూ ఉన్న సంబంధాన్ని విప్పి చెప్పింది. ఆ తర్వాత ఇదే జిల్లాలో మాన్పించే ప్రయత్నమూ చేశారు. మానినవాళ్లలో, తగ్గించినవాళ్లలో మచ్చలు తగ్గాయి. ప్రపంచమంతా చదువుకున్న మన జిల్లా పాఠం మన సర్వే ఫారంలో లేకపోవడమే మా బాధ.

ఫారం సంగతే చూడండి. 30 ఏళ్లు దాటినవారి దగ్గర ఆశా కార్యకర్త నింపే కాగితంలో పొగ తాగుతారా, గుట్కా, ఖైనీ వాడతారా అని ఉంది. ఆ ప్రశ్న అలాగే చదివితే అరవై ఏళ్లావిడ లేదంటుంది. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. పొగ తాగడమంటే ఆవిడ లెక్కలో సిగరెట్టు, బీడీ. ‘అమ్మా, సుట్ట కాలుస్తావేటి? నిప్పు లోపలికా, బయటికా?’ అని అడగాలి. అలా అడగకపోతే ముప్పు లెక్కగట్టే ఆ కాగితంలో పొగాకు ప్రశ్న కింద ఆవిడకు సున్నా మార్కు పడుతుంది. సున్నా పడినావిడ నోరు ఎవరూ శ్రద్ధగా చూడరు.

చూసినా అంగిలి చూడరు. ఖైనీ, గుట్కా వాడేవాళ్లకు దెబ్బ తగిలేది బుగ్గలోపల, చిగురు పక్కన. శిక్షణ వాటి మీదే సాగుతుంది. కూర్చున్న మనిషి ఎదురుగా నిలబడి టార్చి వేస్తే నాలుక, బుగ్గలు కనిపిస్తాయి, పైన ఏముందో కనిపించదు. కట్టుడు పళ్లుంటే తీయించాలి. తల వెనక్కి వాల్చి గోడకు ఆనించాలి. నోటి అద్దాన్ని గోరువెచ్చని నీళ్లలో ముంచి తుడిస్తే ఆవిరి పట్టదు. అప్పుడు నాలుక మీదుగా పోనిచ్చి, ముందు పళ్ల వెనక నుంచి కొండనాలుక దాకా చూడాలి. ఒక మనిషికి రెండు నిమిషాలు చాలు. అద్దం, టార్చి, గ్లవ్స్ తప్ప ఇంకేం అక్కర్లేదు. ఆ అద్దాలే విలేజ్ హెల్త్ క్లినిక్‌లకు ఇవ్వమని అడుగుతున్నాం. మళ్లీ మళ్లీ అడుగుతున్నాం.

అనుమానం వచ్చాక ఇంకో కష్టం. ముక్క తీయించుకోవడానికి విశాఖ వెళ్లమంటే ఇచ్ఛాపురం, మందస వైపు ఆడమనిషికి ఎన్ని రోజుల కూలి పోతుందో ఆలోచించండి. ముక్క తీయడానికి ఒకసారి, రిపోర్టుకు ఒకసారి, డాక్టరు మాటకు ఇంకోసారి. పిల్లలు హైదరాబాదుకో చెన్నైకో వలసపోయిన ఇంట్లో ఆవిడకు తోడెవరు? పంటి డాక్టరున్న ఏరియా ఆసుపత్రిలోనే ముక్క తీసి, అది చెడకుండా ఫార్మలిన్ సీసాలో వేసి, సీసానే విశాఖకు పంపితే సగం కష్టం తీరుతుంది. మనిషి వెళ్లాల్సింది వైద్యానికి, పరీక్షకు కాదు.

వలస మాట వచ్చింది గనుక ఇంకొకటి. తల్లిదండ్రులు ఊళ్లో లేని ఇళ్లలో పిల్లలు పడుకునేది నాయనమ్మ, అమ్మమ్మ పక్కలోనే. నిప్పు నోట్లో ఉంటే పొగ ఇంట్లోకి రాదనుకోవడం పొరపాటు. పీల్చిన పొగ నోటి నుంచీ, చుట్ట చల్లని కొస నుంచీ బయటికే వస్తుంది. తాతగారు మామూలుగా కాల్చే చుట్ట పొగ దానికి తోడు. వానాకాలం తలుపులు మూసుకున్న ఒంటి గదిలో అది కదలదు. 2016-17 జాతీయ సర్వే ప్రకారం దేశంలో 38.7 శాతం పెద్దలు ఇంట్లోనే పరాయి పొగ పీలుస్తున్నారు. పనిచేసే చోటు లెక్క 30.2 శాతమే. జరిమానా బోర్డులన్నీ రెండో లెక్కకే ఉన్నాయి. మొదటి లెక్కకు చలానా పనికిరాదు, ఆశా కార్యకర్త మాటే పనికొస్తుంది. ‘గడప దాటి, పిల్లలకు దూరంగా’ అని ప్రతి ఇంటా చెప్పించండి. మానేదాకా అదైనా జరగాలి.

మాన్పించడానికి ఇచ్చే నికోటిన్ గమ్ము గురించీ చెప్పాలి. దాన్ని కాసేపు నమిలి బుగ్గన పెట్టుకోవాలి. పళ్లూడిన మనిషి ఎలా నమలాలి? చర్మానికి అంటించే ప్యాచ్‌లు తెప్పించండి, 21, 14, 7 మిల్లీగ్రాముల వరసలో తగ్గించుకుంటూ రావచ్చు. ‘సుట్ట లేకపోతే పొద్దున్న కడుపు కదలదు’ అనేది ఈ పల్లెల్లో వినే మాట. అలాంటప్పుడు మలబద్ధకానికి కూడా మందు, తిండి సలహా ఇవ్వాలి. లేకపోతే మూడో రోజుకి చుట్ట మళ్లీ నోట్లో ఉంటుంది.

అయ్యా, కొత్త భవనం అడగడం లేదు, కొత్త పథకమూ అడగడం లేదు. ఫారంలో అడ్డపొగ అని ఒక గడి చేర్చండి. అద్దాలు ఇవ్వండి. సీసాలు పంపే ఏర్పాటు చేయండి. ప్యాచ్‌లు తెప్పించండి. అద్దం ఎలా పట్టాలో ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు నేర్పడానికి మేం పైసా తీసుకోకుండా వస్తాం. ఏ మండలంలో, ఏ రోజున రావాలో చెప్పించండి, చాలు.

ఇట్లు,
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో నోటి పరీక్షలు చేసే దంతవైద్యులు, ఆరోగ్య కార్యకర్తలు