రైటర్స్ క్రాంప్‌కు అయస్కాంతం: సగమే రాశారు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో ‘అయస్కాంతంతో రైటర్స్ క్రాంప్‌కు చెల్లుచీటీ’ అని పేజీ అడ్డంగా శీర్షిక పెట్టారు. రాయబోతే చెయ్యి బిగుసుకుపోయే ఈ జబ్బు తల మీద అయస్కాంత యంత్రం ఆనిస్తే నయమైపోతుందని మీ కథనం. నాకున్నదీ ఆ జబ్బే. ఆ రోజు నుంచి నాకు ఒకటే ఫోన్లు. ‘నీ చేతికి మందు దొరికిందట, పేపర్లో వేశారు’ అంటూ చుట్టాలు, నా దగ్గర దస్తావేజులు రాయించుకున్న పాత పార్టీలు, ఆఖరికి స్టాంపులు అమ్మే ఆయన కూడా. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక మీకు రాస్తున్నాను. ఇది కంప్యూటర్ మీద కొట్టిన ఉత్తరం. పెన్ను పట్టుకుంటే మొరాయించే చెయ్యి కీబోర్డు మీద బాగానే ఆడుతుంది. ఈ జబ్బు తీరే అంత.

నేను దస్తావేజు లేఖరిని. చేత్తో రాసే రోజుల్లో హద్దుల దగ్గరే నాకు అసలు పరీక్ష. తూర్పు హద్దు రాసేదాకా అక్షరం కుదురుగా ఉండేది. దక్షిణానికి వచ్చేసరికి చూపుడువేలు పెన్ను మీద బిగుసుకుపోయేది, మణికట్టు లోపలికి వంగిపోయేది. ఉత్తరం దాకా వెళ్తే పాళీ దిగబడి స్టాంపు కాగితం చిరిగేది. అదే చెయ్యి చొక్కా గుండీలు పెట్టడానికీ, అన్నం కలపడానికీ, తాళం తీయడానికీ ఏ పేచీ పెట్టదు. అందుకే ఎవరూ నమ్మరు. పని ఎగ్గొట్టడానికి వేషాలన్నారు. ఒక డాక్టరు టెన్షన్ అని నిద్రమాత్రలు రాశాడు. ఇంకొకాయన మెడ నరమని పట్టీ బిగించాడు. గుమాస్తాలకూ నోటరీలకూ రాతవల్ల వచ్చే చేతి బాధ గురించి ఇటలీ వైద్యుడు రామాజ్జినీ 1713లోనే రాశాడు. ఇది మానసిక జబ్బు కాదు, మెదడు కండరాలకిచ్చే ఆజ్ఞల్లో వచ్చే లోపం, కండరాలు వాటంతటవే బిగుసుకుపోయే డిస్టోనియాలో ఒక రకం అని లండన్‌లో షీహీ, మార్స్‌డెన్ అనే వైద్యులు 1982లో రుజువులతో చెప్పారు. ఇన్నేళ్లు గడిచినా మా దగ్గర మాత్రం ఇంకా నిద్రమాత్రలే.

ఇక మీ అయస్కాంతం సంగతి. ఆంటొనీ బార్కర్ బృందం 1985లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో తయారుచేసిన యంత్రం నుంచి వచ్చిందే ఈ పద్ధతి. తల మీద తీగచుట్ట ఆనిస్తారు. అందులో క్షణంలో వెయ్యోవంతు కూడా ఉండని కరెంటు దెబ్బ పుట్టి, ఎమ్మారై యంత్రమంత బలమైన అయస్కాంత శక్తి పుర్రె దాటి మెదడు పైపొరను తాకుతుంది. రైటర్స్ క్రాంప్‌లో అదుపు తప్పి ఉలికిపడే భాగాన్ని సెకనుకు ఒకటి చొప్పున, లేదా ఇంకా నెమ్మదిగా ఇచ్చే దెబ్బలతో శాంతపరచడమే దీని ఉద్దేశం. 1999లో జర్మనీ వైద్యులు ఇలా ఇచ్చి చూస్తే కొందరికి రాత తేలికైంది, పెన్ను మీద ఒత్తిడి తగ్గింది. ఎంతసేపు? చాలామందికి గంటల లెక్కే. కదలికలను ముందుగా సిద్ధం చేసే ప్రీమోటార్ భాగం మీద ఇస్తే రాత మెరుగైందని 2005లో ఇంకో పరిశోధన చెప్పింది. అదీ కొద్దిమంది మీద చేసిందే. మంచి ప్రయత్నాలు, కాదనను. వాటి మీద నాకూ ఆశ ఉంది. కానీ గంటలు నిలిచే ఫలితాన్ని చెల్లుచీటీ అని ఎలా అచ్చు వేశారు? అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2008లో ఈ పద్ధతిని అనుమతించింది డిప్రెషన్‌కు. మీ విలేకరి ఆ అనుమతిని తెచ్చి మా జబ్బుకు అంటగట్టేశారు. మూర్ఛ ఉన్నవాళ్లూ, తలలో లోహపు క్లిప్పులో చెవి ఇంప్లాంటో ఉన్నవాళ్లూ ముందే డాక్టరుకు చెప్పి తీరాలన్న ఒక్క వాక్యం కూడా మీకు పట్టలేదు. ఇప్పటికీ ఎక్కువగా వాడే, కండరాన్ని సడలించే బోటాక్స్ ఇంజెక్షన్ ఊసే లేదు. సరైన కండరం చూసి వేస్తే దాదాపు మూడు నెలలు పనిచేస్తుంది, వేళ్ల బలం తగ్గే ఇబ్బందీ ఉంటుంది. రోగికి కావలసింది ఈ వివరాలు.

ఇంత చాలదన్నట్టు అదే కథనం కింద అయస్కాంత పరుపుల ప్రకటన వేశారు. ఎగ్జిబిషన్లలో అమ్మే కడియాలకూ పరుపులకూ ఈ యంత్రంతో ఏ సంబంధమూ లేదు. వాటి అయస్కాంతం మెదడులో కరెంటు పుట్టించదు. మా వీధిలో ఒకాయన మీ పేపరు చూసే కడియం కొనుక్కొచ్చాడు. ఆ డబ్బు ఎవరిస్తారు? ఒకప్పుడు మీ ఆరోగ్యం పేజీని డాక్టర్లు చదివి సరిచూసేవారు. ఇప్పుడు ఆస్పత్రుల వాళ్లు పంపిన ప్రెస్‌నోటే కథనం.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించింది వేరే ఉంది. మందు దొరకకపోయినా మాకు చట్టం ఇచ్చిన ఊరట ఒకటుంది, దాని గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. రైటర్స్ క్రాంప్ ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థికి యూపీఎస్సీ, చెప్తే జవాబులు రాసిపెట్టే మనిషిని, అంటే స్క్రైబ్‌ను ఇవ్వనన్నప్పుడు, 40 శాతం వైకల్యం లేకపోయినా స్క్రైబ్ ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 11న తీర్పిచ్చింది. 2022 ఆగస్టులో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది: ప్రభుత్వ వైద్యుల ధ్రువపత్రం ఉంటే స్క్రైబ్, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం. ఇదే జబ్బున్న ఇంకో అభ్యర్థి కేసులో 2025 ఫిబ్రవరిలో కోర్టు మళ్లీ అదే మాట చెప్పాల్సి వచ్చింది. అంటే అధికారులు ఎంతవరకు పాటిస్తున్నారో చూడండి.

మా మేనకోడలికి కూడా ఇదే బాధ. ఉద్యోగ పరీక్షకు స్క్రైబ్ కావాలని ఆ తీర్పు, మార్గదర్శకాల కాగితాలన్నీ పట్టుకెళ్తే పరీక్షా కేంద్రం పర్యవేక్షకుడు వాటిని విప్పి చూడలేదు. ‘సంతకం బాగానే పెట్టావుగా, 40 శాతం సర్టిఫికెట్ ఏది?’ అన్నాడు. రెండు పేజీలు రాసేసరికి పిల్ల చెయ్యి కొయ్యబారింది. తెలిసిన జవాబులు తెల్లకాగితంగా వదిలేసి వచ్చింది. కోర్టు తీర్పు అమలు చేయాల్సినవాడికే ఆ తీర్పు తెలియదు. సర్టిఫికెట్ కోసం పెద్దాసుపత్రికి వెళ్తే ‘ఇలాంటి జబ్బు మా ఫారంలో లేదు’ అని తిప్పి పంపారు. ప్రతి పరీక్షకూ ఇదే తంతు. హాల్‌టికెట్ వెనక చెప్పులు, వాచీల గురించి పేరాలు పేరాలు అచ్చు వేస్తారు, స్క్రైబ్ గురించి ఒక్క లైను ఉండదు.

కాబట్టి నేను అడిగేది రెండే. అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో, మా జబ్బుకు ఈ చికిత్స ఇంకా ప్రయోగదశలోనే ఉందని సవరణ వెయ్యండి. ఇంటర్, డిగ్రీ పరీక్షలు దగ్గరపడేలోగా స్క్రైబ్ మీద ఇప్పుడు అమల్లో ఉన్న మార్గదర్శకాలను, ధ్రువపత్రం నమూనాతో సహా, పూర్తిగా ప్రచురించండి. పేపరు కత్తిరించి పర్యవేక్షకుడి చేతిలో పెట్టే వీలైనా ఆ పిల్లలకు ఉంటుంది.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి,
తెనాలి