ఎర్ర నోటుపుస్తకం మన గ్రంథాలయంలో దొరికితే

సంపాదకులవారికి నమస్కారాలు.

డిసెంబరులో మా పెదవాల్తేరు ఇళ్ల ముందు కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. చర్చి కుర్రకారు గిటారు పట్టుకుని రాత్రి పొద్దుపోయేదాకా ఇంటింటికీ వచ్చి పాటలు పాడి వెళ్తారు. ఆ సందడిలోనే ఇంటర్మీడియట్ చదువుతున్న మా మనవరాలు బల్ల మీద వదిలేసిన ‘డాష్ అండ్ లిలీస్ బుక్ ఆఫ్ డేర్స్’ అనే ఆంగ్ల నవలను, ఈ పిల్ల ఏం చదువుతోందో చూద్దామన్న పెద్దరికంతో తెరిచి, పది పేజీలయ్యేసరికి ఆ పెద్దరికం మరిచిపోయి, రెండు రోజుల్లో పూర్తి చేశాను. అరవై ఏడేళ్ల మనిషి పదహారేళ్లవాళ్ల ప్రేమకథ చదివి పత్రికకు ఉత్తరం రాయడమేమిటని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు.

2010లో వెలువడిన ఈ నవలను రేచెల్ కోన్, డేవిడ్ లెవిథాన్ కలిసి రాశారు. ఒక అధ్యాయం అబ్బాయి చెబితే మరొకటి అమ్మాయి చెబుతుంది. న్యూయార్కులోని స్ట్రాండ్ అనే పుస్తకాల దుకాణంలో, అరలో పుస్తకాల మధ్య ఒక ఎర్ర నోటుపుస్తకం కనిపించడంతో కథ మొదలవుతుంది. క్రిస్మస్ అంటే ప్రాణం పెట్టే లిలీ అందులో చిక్కుప్రశ్నలు ఉంచుతుంది. ఆ పండుగ పేరెత్తితేనే చిరాకుపడే డాష్‌కు అది దొరుకుతుంది. విడిపోయిన తల్లిదండ్రులలో తల్లితో తండ్రి దగ్గర ఉంటానని, తండ్రితో తల్లి దగ్గర ఉంటానని చెప్పి, పండుగ పూట హాయిగా ఒంటరిగా ఉండే ఏర్పాటు చేసుకున్న ఘనుడతడు. అటువంటివాడు ఆ నోటుపుస్తకం మాట పట్టుకుని, మేసీస్ దుకాణపు రద్దీలో క్రిస్మస్ తాత దర్శనానికి వెళ్లవలసి వచ్చిన ఘట్టంలో నేను పైకే నవ్వేశాను. ముఖాలు చూసుకోకముందే చేతిరాతల ద్వారా ఇద్దరూ ఒకరికొకరు చేరువ కావడం, ఎదురుపడేసరికి తాము ఊహించుకున్న మనిషి వేరని కంగారుపడడం నాకు అన్నిటికంటే నచ్చాయి. ఆ వయసు పిల్లలు ప్రతి వాక్యంలోనూ అంత చమత్కారంగా మాట్లాడతారా అన్న అనుమానం మాత్రం చివరిదాకా వదలలేదు.

యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’ని లెక్కల పుస్తకంలో దాచుకుని చదివిన తరం మాది. అప్పటి నవలానాయకులను తలచుకుని నిట్టూర్చడమే కానీ, వాళ్లు మా ఈడువాళ్లు కారు, మా తరగతిలో కూర్చునేవాళ్లు అంతకన్నా కారు. ఇప్పటికీ తెలుగులో చిన్నపిల్లలకు కుందేలు కథలు, పెద్దలకు సంసారాల నవలలు దొరుకుతాయి; నడుమనున్న పిల్లల చేతికి మనం ఎక్కువగా అందించేది ప్రవేశపరీక్షల గైడ్లే. ప్రేమకథ అనగానే తల్లిదండ్రులు ఉలిక్కిపడతారని తెలుసు. ఫోనులో ఎలాగూ చూసేవాటితో పోలిస్తే, ఉత్తరం రాసుకుని జవాబు కోసం ఓపికగా ఎదురుచూసే ఈ ప్రేమకు భయపడవలసిందేమీ నాకు కనిపించలేదు.

అందువల్ల మీ ఆదివారం అనుబంధంలో వచ్చే డిసెంబరులోనైనా ఇటువంటి సరదా ధారావాహికను మన రచయితల చేత రాయించవలసిందిగా కోరుతున్నాను. అది అనువాదం కానక్కరలేదు, మంచు కురవనక్కరలేదు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఎవరూ తీయని నిఘంటువు వెనక నోటుపుస్తకం దొరకవచ్చు; రెండో ఆనవాలు కోసం రాస్ హిల్ మెట్లెక్కి, ఆయాసం తీర్చుకుంటూ కింద ఓడరేవును చూడవచ్చు; మూడోది కురుసుర జలాంతర్గామి ముందు వరుసలో నిలబడితే గానీ తెలియకపోవచ్చు. పండుగంటే గిట్టని కుర్రవాడికి జగదాంబ కూడలిలో డిసెంబరు 24 సాయంత్రం పని పెట్టడం మన రచయితలకు ఒకరు నేర్పాలా?

మా మనవరాలు మీ నిర్ణయం కోసం ఆగేలా లేదు. నిన్ననే నా చేత ఎర్ర అట్ట నోటుపుస్తకం ఒకటి కొనిపించింది. ఎందుకని అడిగితే చెప్పలేదు.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
పెదవాల్తేరు, విశాఖపట్నం