పేరైనా అడగలేదు, క్షమించండి అయ్యా

విశాఖ మధురవాడలో ఇంటికి బయానా ఇవ్వాల్సిన రోజు అది. సబ్ రిజిస్ట్రారు కార్యాలయం బయట బెంచీ మీద నా పక్కన కూర్చున్నారు మీరు. నా చేతిలోని ఈసీ, అంటే ఆ ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం, చూసి, "ఇందులో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి బాబూ. మూల పత్రం ఏదీ?" అన్నారు. కళ్లజోడు సవరించుకుని, లింకు దస్తావేజులు, అంటే ఆ ఆస్తి చేతులు మారిన పాత పత్రాలు, ఒక్కొక్కటే వెనక్కి తిప్పుతూ వెళ్లారు. అన్నిటికన్నా పాత కాగితం దగ్గర మీ వేలు ఆగింది. డి-పట్టా! ఒకప్పుడు పేదలకు సాగు కోసం ప్రభుత్వం ఇచ్చిన భూమి, 1977 చట్టం అమ్మకాన్ని నిషేధించిన భూమి. దాని సర్వే నంబరు, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా అయిన 22ఎ నిషేధిత జాబితాలోనూ ఉంది. అమ్మ గాజులు అమ్మగా వచ్చిన డబ్బు నా సంచిలోనే మిగిలింది. కంగారులో మీకు టీ అయినా ఇప్పించలేదు. ఎక్కడున్నా మీరు చల్లగా ఉండాలి.