2024–25 వార్షిక నివేదిక: సాయంత్రపు చదువుల కేంద్రం

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సోదరీ సోదరులందరికీ నమస్కారాలు. 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు మన సంఘం చేసిన పనుల నివేదికను నిబంధనావళి ప్రకారం మీ ముందుంచుతున్నాను. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక వాటిని మళ్ళీ వల్లించను. వేసవిలో చలివేంద్రం, సంక్రాంతికి ముగ్గుల పోటీ, వానాకాలంలో మొక్కలు నాటడం ఎప్పటిలాగే జరిగాయి. ఈ ఏడాది మన శ్రమలో ముప్పాతిక వంతు సాయంత్రపు చదువుల కేంద్రానికే పోయింది కాబట్టి నివేదికలోనూ దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

కేంద్రం సోమవారం నుంచి శనివారం వరకు, సాయంత్రం 6 గంటల నుంచి 8 దాకా, మన భవనం వరండాలో నడిచింది. మొదటి గంట బడిపిల్లలకు, రెండో గంట పెద్దలకు. మార్చి నెలాఖరుకు రిజిస్టరులో 31 మంది పిల్లలు, 19 మంది పెద్దలు ఉన్నారు. పెద్దలలో ఇద్దరు తప్ప అందరూ స్త్రీలే. ఆ ఇద్దరిలో ఒకరు మన వాచ్‌మన్ గారు. గేటు దగ్గర ఉండవలసిన వేళ ఆయన తరగతిలో కూర్చుంటున్నారని కొందరు సభ్యులు ఫిర్యాదు చేశారు. ఆ గంటసేపు గేటు చూసుకోవడానికి మాత్రం ఫిర్యాదు చేసినవారిలో ఒక్కరూ ముందుకు రాలేదు.

మొదటి వారంలోనే మాకు ఒక సంగతి బోధపడింది. ఇళ్ళలో పనిచేసే ఒక అక్క వచ్చి, "నాకు సంతకం వచ్చు సార్, మిగతాది నేర్పండి" అన్నారు. పలక ఇస్తే పేరులోని నాలుగక్షరాలూ గుండ్రంగా రాశారు. అందులో మూడో అక్షరం ఒక్కటే రాయమంటే చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ మొదటినుంచి రాసుకుంటూ వచ్చి, మూడోదాని దగ్గర ఆగి, "ఇదేనా?" అని అడిగారు. తన పేరు ఆమెకు చుక్క తప్పకుండా గుర్తున్న ఒక ముగ్గు. డ్వాక్రా తీర్మానాల మీద, బ్యాంకు కాగితాల మీద ఏళ్ళ తరబడి ఆ ముగ్గే వేస్తూ వచ్చారు. జనాభా లెక్కల నిర్వచనం ప్రకారం ఏడేళ్ళు నిండి, ఏదైనా ఒక భాషను అర్థం చేసుకుంటూ చదవనూ రాయనూ గలవారే అక్షరాస్యులు. ఒట్టి సంతకం వచ్చినవారు అందులోకి రారు. గుమ్మం దగ్గర నిలబడి అంత వివరంగా ఎవరు అడుగుతారన్నది వేరే మాట.

ఓనమాల వరుసలో వెళ్తే పగలంతా పనిచేసి వచ్చినవారు నెల తిరగకుండానే మానేస్తారని విశ్రాంత ప్రధానోపాధ్యాయులు గారు మొదటే హెచ్చరించారు. 1990 దశకం తొలినాళ్ళలో మన నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు లాంతరు వెలుగులో తరగతులు చెప్పిన అనుభవం ఆయనది. ఆ రాత్రి తరగతుల్లో వాచకంలోని ఒక పాఠం విని దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించడం, ఆ కదలిక రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమలులోకి రావడం ఆయన చెబుతుంటే తరగతి మొత్తం పలకలు పక్కన పెట్టి విన్నది. ఆయన సలహా మీదనే బస్సు బోర్డులతో మొదలుపెట్టాం. కలిగిరి, కావలి, కందుకూరు, కొడవలూరు, కోవూరు: దాదాపు సగం క గుణింతం ఈ ఊళ్ళ పేర్లలోనే ఉంది. ఎక్కవలసిన బస్సు ఏదో పక్కవారిని అడగనవసరం లేదన్న ధైర్యం వచ్చాక మానేసినవారు చాలా తక్కువ.

పిల్లల సంగతి ఇంతకన్నా చిక్కు. వీరంతా నాలుగు, ఐదు తరగతులు చదువుతున్నవారే. ఒక అబ్బాయి తెలుగు వాచకం గడగడా చదువుతుంటే మేం మురిసిపోయాం. అనుమానం వచ్చి మధ్యలో పేజీ తిప్పాను. వాడు వేలు కొత్త పేజీ మీద పెట్టుకుని పాత పేజీలోని పాఠమే అప్పజెప్పుతూ పోయాడు. బడిలో అందరూ కలిసి వల్లెవేసేటప్పుడు వాడి గొంతు ఆ గొంతుల్లో కలిసిపోతుంది, వాడికి చదవడం రాదని ఇన్నేళ్ళుగా ఎవరికీ తెలియలేదు.

విడి అక్షరాలు గుర్తుపట్టే పిల్లలు కూడా ఎక్కడ తడబడుతున్నారో ఉపాధ్యక్షురాలు గారు ఒక నోటుపుస్తకంలో పిల్లవాడికొక పేజీ కేటాయించి రాసుకుంటూ వచ్చారు. ఈ ఏడాది సంఘానికి మిగిలిన ఆస్తి ఆ పుస్తకమేనని నా అభిప్రాయం. ప, వ తారుమారు కావడం, మ, య తారుమారు కావడం దాదాపు ప్రతి పేజీలోనూ ఉంది. గ, ద, డ ఒత్తులు తలకట్టు తీసేసిన అసలు అక్షరాలే కనుక అవి త్వరగా పట్టుబడుతున్నాయి. త, న, మ, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలిక లేదు కనుక వాటిని మరో అక్షరమాలలాగా వేరే నేర్పవలసి వస్తున్నది. అన్నింటికన్నా పెద్ద చిక్కు "భక్తి" వంటి మాట. అందులో గుడి క మీద ఉంటుంది, ఇకారం పలికేది మాత్రం త తర్వాత. కంటికి కనబడిన వరుసలోనే చదివే పిల్ల దానిని "భకిత" అంటుంది. ఆ పిల్ల చూసినది తప్పు కాదు, రాత వరుస వేరు, పలుకు వరుస వేరు అని ఎవరూ విడమరచి చెప్పలేదంతే. మాట మూడు ముక్కలుగా పలికించి, చప్పట్లు కొట్టించి, తర్వాత రాయిస్తే రెండు వారాల్లో దారికొచ్చింది.

అందరూ అలా దారికి రాలేదు, అదీ చెప్పాలి. కొందరికి పలక మీద అక్షరమే సరిగా ఆనడం లేదని కంటి పరీక్షలో తేలింది, కళ్ళద్దాలు పెట్టాక వారి చదువు వేగం అందుకున్నది. కొందరి తల్లిదండ్రులు పనుల కోసం ఏడాదిలో నాలుగైదు నెలలు ఊరు విడిచి వెళ్తారు, తిరిగి వచ్చేసరికి తరగతి చాలా ముందుకు పోయి ఉంటుంది. ఇంట్లో తమిళమో ఎరుకల భాషో మాట్లాడే పిల్లలకు వాచకం తెలుగు సగం పరాయిది. ఇవేవీ కాకుండా, తెలివికి, చూపుకు, హాజరుకు ఏ లోటూ లేకపోయినా అక్షరం కుదురుగా నిలవని పిల్లలు నలుగురున్నారు. కథ చెబితే తిరిగి చక్కగా చెప్పగలరు, కూడికలు నోటితో చేస్తారు. మాటలోని ధ్వనులను విడదీసి అక్షరాలతో జతపరచడం దగ్గరే వారికి అడ్డు పడుతున్నది. డిస్లెక్సియా వంటి ఇబ్బందులను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో చేర్చింది. మొద్దులు, సోమరులు అని వీరిని తిట్టే తల్లిదండ్రులతో, మన సభ్యులలో కొందరితో సహా, మేము ఈ ఏడాది చాలాసార్లు వాదించవలసి వచ్చింది.

వీరికి ధ్రువీకరణ పత్రం ఇప్పించడానికి చేసిన ప్రయత్నం ఫలించలేదు. ఒక కార్యాలయానికి నాలుగుసార్లు వెళ్ళాం. మొదటిసారి సారు క్యాంపులో ఉన్నారు, రెండోసారి దరఖాస్తు నమూనా మారిందన్నారు, మూడోసారి సర్వర్ పనిచేయలేదు, నాలుగోసారి మొదటి దరఖాస్తు కనబడలేదు. కూలి మానుకుని నాలుగుసార్లూ వచ్చిన ఒక తల్లి ఐదోసారి రానన్నారు. ఆమెను తప్పుపట్టలేను.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగినది సెప్టెంబరు 8న జరిపిన అంతర్జాతీయ అక్షరాస్యతా దినోత్సవ సభ. వినాయక చవితి మరునాడే కావడంతో పందిరి, మైకు, కుర్చీలు ఉత్సవ కమిటీవారే ఇచ్చారు. ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వచ్చి, ఫొటో తీయించుకుని, మొదటి అభ్యాసకురాలు కాగితం విప్పేలోపే వెళ్ళిపోయారు. ఆయన కోసం మనం ఆగకుండా ఉండవలసింది. సంతకం ముగ్గు వేసిన ఆ అక్కే మొదట మైకు ముందుకు వచ్చారు. చెన్నైలో పనిచేసే కొడుక్కు స్వయంగా రాసిన ఉత్తరం తెచ్చారు. ఏడు వాక్యాలు. మధ్యలో "డబ్బులు" దగ్గర ఆగి, బ కింద వేలు పెట్టి, ఒత్తును పెదవులతో ఒకసారి పలికి చూసుకుని, అప్పుడు పైకి చదివారు. పందిట్లో చప్పుడు లేదు. చదవడం అయ్యాక వాచ్‌మన్ గారు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టారు.

స్వచ్ఛంద సేవకుల విషయం. గత సర్వసభ్య సమావేశంలో కరతాళ ధ్వనుల మధ్య 14 మంది పేర్లు ఇచ్చారు. దసరా తర్వాత కనబడినవారు ఐదుగురు. శనివారాలు నేనూ ఉపాధ్యక్షురాలు గారే 31 మంది పిల్లలను చూసుకున్నాం. చదవలేని పిల్లవాడి పక్కన ఒక మనిషి కూర్చోవాలి, వాట్సాప్ గ్రూపులో దండం పెట్టే బొమ్మ ఆ పని చేయదు. ఒక్కరోజు కూడా రాకుండా సేవా ధ్రువపత్రం అడిగిన ఇద్దరు కళాశాల విద్యార్థులకు ఇవ్వలేదని, ఇకముందూ ఇవ్వబోమని స్పష్టం చేస్తున్నాను.

ఆదాయ వ్యయ పట్టికను కోశాధికారి గారు చదివి వినిపిస్తారు. ఆడిట్ పూర్తయింది, దాని ప్రతి ఒకటి నోటీసు బోర్డులో ఉంది. సుద్దముక్కల కన్నా టీ ఖర్చు ఎక్కువైందన్న ప్రశ్న వస్తుందని తెలుసు. పని ముగించుకుని నేరుగా తరగతికి వచ్చేవారికి ఆ టీ అవసరం.

పెద్దల తరగతికి దారి చూపిన విశ్రాంత ప్రధానోపాధ్యాయులు గారికి, నోటుపుస్తకం నిర్వహించిన ఉపాధ్యక్షురాలు గారికి, ఉచితంగా కంటి పరీక్షలు చేసిన వైద్యులకు, పాత పలకలు వెతికి ఇచ్చిన స్టేషనరీ దుకాణం వారికి, చాపలు ఇచ్చిన రెండో వీధి మహిళా సభ్యులకు, పందిరి ఇచ్చిన ఉత్సవ కమిటీకి, కరెంటు పోయిన ప్రతిసారీ ఇన్వర్టరు తీగ లాగించి ఇచ్చిన పక్కింటివారికి, చివరిదాకా నిలిచిన ఐదుగురు సేవకులకు సంఘం తరఫున కృతజ్ఞతలు. ఎవరి ప్రస్తావన అయినా మరిచి ఉంటే మన్నించగలరు.

వేసవి తరగతులు మే మొదటి సోమవారం మొదలవుతాయి. మంగళ, శనివారాలకు ఇంకా ఎవరూ లేరు. రాదలచినవారు ఈ సమావేశం ముగిసేలోపు పేరుతో పాటు వారం, వేళ కూడా రాసి ఇవ్వవలసింది. వరండా తాళంచెవి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టులో ఉంటుంది.

ఇట్లు,
కార్యదర్శి